సముద్రం పక్కన పది కిలోమీటర్లు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకుంటున్నవాణ్ణి. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ, బజారులో తెలుగు. అందుచేత నా తెలుగులో ఎక్కడైనా ఉర్దూ దొర్లితే పెద్దలు మన్నించాలి. ఏటా నన్ను చదువు గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడమనేవారు. ఈసారి కార్యదర్శిగారు, "మాస్టారూ, మీరు విశాఖపట్నం వెళ్ళి పరుగు పందెంలో దిగారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. ఆయన నవ్వుతూ అన్నారు గాని నాకు నవ్వు రాలేదు. కారణం ఏమంటే, ఆ పందెం నేను పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యని పని గురించి చెప్పడానికి ఈ వేదిక ఎక్కినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయివుంటాను. అయినా చెబుతాను. గెలిచినవాడి మాట వినడానికి బాగుంటుంది. ఓడినవాడి మాట ఒక్కోసారి పనికి వస్తుంది.

మొదట మా నాన్నగారి సంగతి చెప్పాలి. మీలో చాలామంది ఆయన్ను ఎరుగుదురు. పాత బస్టాండు దగ్గర సైకిలు షాపు. పొద్దున్న తొమ్మిదింటికి స్టూలు మీద కూర్చుంటే రాత్రి ఇషా నమాజుకే లేచేవారు. మధ్యలో పది గ్లాసుల చాయ్, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర. ఆయనకు షుగరు ఉందని తెలిసేసరికి కాలి బొటనవేలు నల్లబడింది. మొదట వేలు తీశారు, తరువాత పాదం తీశారు, ఆ తరువాత మోకాలి కింద వరకు తీశారు. ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచి కిటికీలోకి చూస్తూ, "బేటా, మసీదు ఎంత దూరం? నూటయాభై అడుగులు. అంత దూరం కూడా నడవలేకపోతున్నాను" అన్నారు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

ఆయన పోయిన నాలుగేళ్ళకు, 2022లో, మా బడిలో వైద్య శిబిరం పెట్టారు. పిల్లలకు రక్తపరీక్షలు చేయించడానికి వెళ్ళినవాణ్ణి, నర్సమ్మ "మీరూ చూపించుకోండి సార్" అంటే వేలు చాపాను. ఏమీ తినకుండా 212 ఉంది. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు నా పాదాలను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

నా ఒక్కడి సంగతే అయితే ఈ సభలో చెప్పే అవసరం లేదు. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే వెలువడింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అందులో తేల్చారు. ఈ హాలులో కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టనక్కరలేదు, మన దావతుల్లో బిర్యానీ పళ్ళెం పక్కన మాత్రల డబ్బీ తీసేవాళ్ళను చూస్తే చాలు.

డాక్టరుగారు మాత్రలు రాసి, రోజూ ముప్పావు గంట నడవమన్నారు. ఫజర్ నమాజు అయ్యాక మసీదు నుంచి కాలువ గట్టు దాకా నడక మొదలుపెట్టాను. ఒంటరిగా నడవాలంటే పది రోజుల్లో విసుగొచ్చింది. అప్పుడు మా అమ్మాయి, "అబ్బా, నేనూ వస్తాను" అంది. అప్పుడది ఇంటర్ చదువుతోంది. సరే అన్నాను. నడుస్తూ నడుస్తూ ఒకనాడు అది పరుగెత్తింది. నేను వెనకాల నడిచాను. మరునాడు నేనూ పరుగెత్తబోయాను. ఒక కరెంటు స్తంభం నుంచి రెండో స్తంభం చేరేసరికి రొప్పు పట్టుకుంది. అప్పుడు మా అమ్మాయి లెక్క వేసింది: ఒక స్తంభం పరుగు, రెండు స్తంభాలు నడక. పదిహేను రోజులయ్యాక రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక. ఇంకొక నియమం కూడా పెట్టింది. పరుగెత్తుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తడబడితే వేగం ఎక్కువైనట్టు. దీన్ని అది ఏదో పుస్తకంలో చదివిందట. నేను దాన్ని రసాయనశాస్త్రం ఫార్ములాలు అడిగేవాణ్ణి, అది చెప్పేది. నా రొప్పు తగ్గింది, దాని మార్కులు పెరిగాయి.

రెండు నెలలు ఇలా గడిచాయి. ఒకరోజు మసీదు మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. ఆయన నాకు చదువు చెప్పించినవారిలో ఒకరు. ఈ సభలోనే ఉన్నారు, నేనాయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను. "మాస్టరు సాబ్, ఈడొచ్చిన పిల్లను రోడ్డు మీద పరుగెత్తిస్తున్నారట. నలుగురూ అనుకుంటున్నారు" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఇంటికి వచ్చి, "రేపటి నుంచి నువ్వు రావద్దమ్మా" అన్నాను. ఎందుకని అది అడగలేదు. సరే అబ్బా అంది.

సోదరులారా, ఆ రోజు నేను చేసిన పనికి ఇవాళ సిగ్గుపడుతున్నాను. పిల్ల తప్పు చేసిందని నేననుకోలేదు. నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. తప్పని తెలిసి ఆపితే అది వేరు సంగతి.

నెలరోజుల తరువాత ఒక తెల్లవారుజామున జ్వరంగా ఉండి నేను మసీదుకు వెళ్ళలేదు. పడుకుని ఉంటే పైన డాబా మీద చప్పుడు. ఎవరో చుట్టూ తిరుగుతున్నట్టు. మెల్లగా మెట్లెక్కి చూశాను. చీకట్లో మా అమ్మాయి డాబా అంచుల వెంట పరుగెత్తుతోంది. ఒక్కో చుట్టు కాగానే వంగి, పిట్టగోడ మీద ఉన్న డబ్బాలో ఒక చింతగింజ వేస్తోంది. అది నన్ను చూడలేదు. నేను దిగి వచ్చేశాను. అది కాలేజీకి వెళ్ళాక డబ్బా తీసి లెక్కపెట్టాను. నూటపది చింతగింజలు. మా డాబా చుట్టూ నలభై అడుగులు కూడా ఉండదు. లెక్కల మాస్టరును గదా, గుణించి చూశాను. కిలోమీటరు పైచిలుకు. ఆ చిన్న డాబా మీద, నూటపది మలుపులు తిరుగుతూ!

మరునాడు నేనే దాన్ని లేపాను. "చెప్పులు కాదు, బూట్లు వేసుకో" అన్నాను.

2024 వేసవిలో అదే ఒకరోజు విశాఖపట్నం పరుగు సంగతి తెచ్చింది. అక్కడ నౌకాదళం వారు సముద్రపు ఒడ్డున మారథాన్ నడుపుతారు. పూర్తి మారథాన్, సగం మారథాన్, 10 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు, ఎవరి శక్తిని బట్టి వాళ్ళు పేరు ఇవ్వవచ్చు. పోటీ కోసం వచ్చేవాళ్ళు కొందరే, సరదాకి వచ్చేవాళ్ళే ఎక్కువ. "అబ్బా, మనం పదికి వెళదాం" అంది. అప్పటికి అది డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. పదహారు వారాలు సాధన చేశాం.

మారథాన్ అంటే ఏమిటని మా బడి పిల్లలు అడిగారు. మీకూ రెండు మాటలు చెబుతాను. పూర్వం గ్రీసులో మారథాన్ అనే చోట యుద్ధం గెలిచిన వార్తను ఒక వార్తాహరుడు ఏథెన్సు దాకా పరుగెత్తి చెప్పాడని కథ. ఆ కథను బట్టి 1896 ఒలింపిక్స్‌లో సుమారు 40 కిలోమీటర్ల పందెం పెట్టారు. 1908లో లండన్‌లో అది 42.195 కిలోమీటర్లయింది, 1921లో అదే కొలత ఖాయమైంది. ఆడవాళ్ళకు మాత్రం ఒలింపిక్స్‌లో మారథాన్ 1984 దాకా లేనే లేదు. 1967లో బోస్టన్ పందెంలో ఒక స్త్రీ నంబరు కట్టుకుని పరుగెత్తుతుంటే నిర్వాహకుడొకాయన దారిలోకి దూకి, ఆమె నంబరు లాగెయ్యబోయాడు. ఆడవాళ్ళు పరుగెత్తితే నలుగురూ అనుకోవడం మన మొహల్లాలో పుట్టిన సంగతి కాదు. అమెరికాలోనూ అనుకున్నారు. తరువాత మానుకున్నారు.

అదే 1984లో లాస్ ఏంజిలిస్‌లో మొరాకో దేశపు అమ్మాయి నవాల్ ఎల్ ముతవక్కిల్ 400 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం తెచ్చింది. 2024 ఆగస్టులో పారిస్‌లో ఆడవాళ్ళ మారథాన్ గెలిచింది సిఫాన్ హసన్. ఇథియోపియాలో పుట్టి నెదర్లాండ్స్ తరఫున పరుగెత్తే ముస్లిం అమ్మాయి. అంతకు ముందు అదే ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్ల పందేలు పరుగెత్తి రెండు కంచు పతకాలు తీసుకుంది. బంగారు పతకం అందుకోవడానికి తలకు హిజాబ్ కట్టుకుని వచ్చింది. ఆ ఫోటోను మా అమ్మాయి తన పుస్తకాల అలమార తలుపుకు అంటించుకుంది.

సరే, మన ప్రయాణం. 2024 డిసెంబరులో ఒక శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం తెల్లవారేసరికి విశాఖలో దిగాం. మా ఇంట్లోవాళ్ళు కట్టిచ్చిన పరోటాలు, ఖీమా రైల్లోనే అయిపోయాయి. మధ్యాహ్నం నంబర్లు, టీషర్టులు తీసుకున్నాం. నా తోటి ఉపాధ్యాయులు, "మాస్టారూ, ఈ వయసులో నంబరు కట్టుకుని పరుగేమిటి" అని వెక్కిరించారు గాని, ఆ వరుసలో నాకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళు కూడా నిలబడి ఉన్నారు.

సాయంత్రం ఊరు చూశాం. ఓడరేవు దగ్గర మూడు గుట్టలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద మరియమ్మ చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా. మూడింటి ముందూ అదే సముద్రం, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి చూశాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డెక్కి మ్యూజియం అయింది. లోపల మనిషి నిటారుగా నడవడానికి జాగా లేదు. అంత ఇరుకులో నెలల తరబడి నౌకా సైనికులు ఎలా ఉండేవారో! బయటికి వచ్చాక మా అమ్మాయి, "మన డాబాయే నయం అబ్బా" అంది. నాకు చింతగింజలు జ్ఞాపకం వచ్చాయి. ఆ సంగతి నాకు తెలుసునని దానికి అప్పటికి తెలియదు.

ఆదివారం మూడున్నరకే లేచాం. పూర్తి మారథాన్ వాళ్ళను చీకట్లోనే వదిలేస్తారు, వాళ్ళ దారి ఋషికొండ వైపు పొడుగ్గా పోతుంది. మేము బీచ్ రోడ్డు మీద ఒక వారగా చాప పరుచుకుని ఫజర్ చదువుకున్నాం. అటూ ఇటూ వేలమంది ఒళ్ళు విరుచుకుంటూ, గెంతుతూ, పాటలు పెట్టుకుని ఉన్నారు. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు. ఒక సిక్కు పెద్దాయన మాత్రం మా వైపు ఎవరూ తొక్కకుండా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

అమ్మాయి వదులుగా ఉండే పొడుగు చేతుల కుర్తా, ప్యాంటు వేసుకుని, తలకు నల్ల స్కార్ఫు బిగించుకుంది. గుండె మీద నంబరు. "అబ్బా, మీరు మీ వేగంలో రండి, నేను నా వేగంలో పోతాను" అంది. గంటా పదిహేను నిమిషాల్లో పూర్తి చెయ్యాలని దాని కోరిక. తెల్లవారుతుండగా మమ్మల్ని వదిలారు.

ఆ దారి ఎంత బాగుంటుందో చెప్పాలి. ఉత్తరంగా పోతుంటే సముద్రం మన కుడిచేతి వైపు. ముందు నల్లగా ఉంటుంది, తరువాత బూడిదరంగు, తరువాత అంచున ఒక ఎర్ర గీత. ఇంతలో సూర్యుడు నీళ్ళలోంచి లేచాడు. పెదజాలారిపేట దగ్గర బెస్తవాళ్ళు పడవల దగ్గర వలలు సర్దుకుంటూ మా వైపు చూసి చేతులూపారు. ఎదురుగా కైలాసగిరి. చూడటానికి రోడ్డు చదునుగానే ఉంటుంది, ఎక్కుడని కాళ్ళకే తెలుస్తుంది. మన ఊళ్ళో చెమట పడితే ఆరిపోతుంది, సముద్రపు గాలికి ఆరదు. డిసెంబరు చలిలో కూడా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

నాలుగో కిలోమీటరు దాటేసరికి నా చేతులు వణకడం మొదలైంది. అలసట అనుకున్నాను. తరువాత చల్లటి చెమట పట్టింది. ఆ పైన కళ్ళ ముందు మనుషులు జంట జంటగా కనబడ్డారు. ఇంకా మూర్ఖంగా, ఆగితే పరువు పోతుందని పరుగెత్తుతూనే ఉన్నాను. ఆ దారి వెళ్ళి తిరిగి రావలసిన దారి. ముందు పోయినవాళ్ళు అప్పటికే మలుపు తిరిగి ఎదురు వస్తున్నారు. వాళ్ళలో మా అమ్మాయి ఉంది. నా ముఖం చూసింది. అంతే, అడ్డంగా రోడ్డు దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టింది. జేబులోంచి పొట్లం తీసి మూడు ఖర్జూరాలు నోట్లో పెట్టింది. "నమలండి అబ్బా, మాట్లాడకండి" అంది. జీవితంలో మొదటిసారి నా కూతురు నన్ను గదమాయించింది.

దగ్గరలోనే వైద్యుల శిబిరం ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను అక్కడికి చేర్చారు. ఖర్జూరాలు తిన్నాక కూడా నా షుగరు 64 ఉంది. 70 కంటె తగ్గితే ప్రమాదం. మళ్ళీ గ్లూకోజు నీళ్ళు ఇచ్చి, పావుగంట ఆగి చూశారు. 96కి వచ్చింది. డాక్టరమ్మ ఏమేం మాత్రలు వేసుకుంటారని అడిగారు. చెప్పాను. పొద్దున ఏం తిన్నారన్నారు. ఏమీ తినలేదు, మాత్ర మాత్రం వేసుకున్నాను అన్నాను. పరుగెత్తుతున్నట్టు మీ డాక్టరుకు చెప్పారా అన్నారు. లేదన్నాను. ఆవిడ నన్ను మా బడి పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. సైన్సు మాస్టరునని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

"ఇవాళ్టికి మీ పరుగు అయిపోయింది. అంబులెన్సులో వెనక్కి పంపిస్తాం" అన్నారు. మా అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. దాని గంటా పదిహేను నిమిషాలు అప్పటికే నా కింద పోయాయి. డాక్టరమ్మ దాని నంబరు చూసి, "నాన్నగారిని మేము చూసుకుంటాం, నువ్వు వెళ్ళమ్మా" అన్నారు. అది కదల్లేదు. నా వైపు చూసి, "వెళ్ళమంటారా అబ్బా?" అని అడిగింది.

రెండేళ్ళ కిందట ఎవరో ఒక మాట అన్నారని దాన్ని ఇంట్లో కూర్చోబెట్టాను. అప్పుడు అది ఎందుకని అడగలేదు. ఇప్పుడు వెళ్ళమంటారా అని నన్నే అడుగుతోంది. నా గొంతు పూడుకుపోయింది. "వెళ్ళు బేటీ. ఇక్కడ మలుపులు లేవు. నేరుగా పరుగెత్తు" అన్నాను. అది ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. డాబా సంగతి నాకు తెలుసునని అప్పుడు దానికి అర్థమైంది. నవ్వి, పరుగెత్తింది.

కాసేపటికి నన్ను అంబులెన్సు ఎక్కించారు. పరుగెత్తేవాళ్ళ పక్కగా బండి మెల్లగా పోతోంది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. లాసన్స్ బే దాటాక కనబడింది. అటు సముద్రం, ఇటు కొన్ని వందలమంది మనుషులు, మధ్యలో నల్ల స్కార్ఫు. ముందు ఒక ముసలాయన, పక్కన చీర కట్టుకుని బూట్లు వేసుకున్న ఒక అమ్మ, వెనకాల కాలేజీ కుర్రాళ్ళు. నేను వాళ్ళందరి ముఖాలూ వెతికి వెతికి చూశాను, ఎవరైనా మా అమ్మాయి వైపు తిరిగి చూస్తున్నారేమోనని. ఒక్కరూ చూడలేదండీ. ఎవరి ఊపిరి వాళ్ళకే చాలడం లేదు! నలుగురూ ఏమనుకుంటారో అని నేను అంత భయపడ్డానే, ఆ నలుగురూ అక్కడ లేరు.

అది గంటా నలభై రెండు నిమిషాల్లో పూర్తి చేసింది. మెడలో పతకం వేశారు. నా టీషర్టు, నంబరు చూసి ఒక కుర్రవాడు నాకూ పతకం వెయ్యబోయాడు. "నేను మలుపు దాకా పోలేదు నాయనా, నాకు హక్కు లేదు" అని చెప్పాను. పరీక్ష రాయనివాడికి మార్కులు వేస్తే అది బడి కాదు. అమ్మాయి తన పతకం తీసి నా మెడలో వెయ్యబోతే అదీ వద్దన్నాను. ఇంటికి వచ్చాక అది తీసుకెళ్ళి చింతగింజల డబ్బాలో పెట్టుకుంది.

నా తప్పు వల్ల నేను నేర్చుకున్నది ముందు చెబుతాను. షుగరు ఉన్నవాళ్ళు పరుగు గాని, గట్టి నడక గాని మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు కష్టపడితే షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంది. మాత్ర మానమని నేననడం లేదు. ఎంత వేసుకోవాలో, ఎప్పుడు తినాలో డాక్టరునే అడగండి. రంజాను రోజాలకు ముందు కూడా ఇదే మాట అడగాలి. జేబులో ఎప్పుడూ చక్కెరో, గ్లూకోజో, ఖర్జూరమో ఉండాలి. వణుకు, చల్లటి చెమట, తల తిరుగుడు వస్తే వెంటనే ఆగాలి. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తరువాత పరీక్ష చేసుకోవాలి. ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ తాగాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. కాలికి సరిపోయిన బూట్లు ఉండాలి. మా నాన్నగారికి ఈ నాలుగు మాటలు ఎవరైనా ముప్పై ఏళ్ళ ముందు చెప్పి ఉంటే బాగుండేది.

ఇక రెండో మాట. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా చెప్పడం లేదు. అయితే మనలో హజ్ చేసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు తిరిగారు. మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం. పచ్చ దీపాల మధ్య మగవాళ్ళు వేగం పెంచి పరుగులాంటి నడక నడుస్తారు. ఆ పరుగు ఎవరిది? ఎడారిలో పసిబిడ్డకు నీళ్ళ కోసం తల్లి హాజిరా బీబీ పరుగెత్తిన పరుగు. లక్షలమంది మగవాళ్ళు ఒక తల్లి అడుగుల వెంట నడుస్తున్నారు. ఇది నేను ఆ పెద్దాయనతో కూడా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆ సంగతి వేరు మాస్టరు సాబ్" అన్నారు. వేరే కావచ్చు. కాని ఆయన సలాం మానలేదు, నేనూ మానలేదు. ఆయన మనవరాళ్ళకు కూడా కాళ్ళు ఉన్నాయి, షుగరు వాళ్ళ ఇంటి గుమ్మం దగ్గర ఆగదు. నేను ఆశ వదులుకోలేదు.

కాబట్టి సంఘానికి నా విన్నపం ఒక్కటే. మన షాదీఖానా వెనకాల ప్రహరీగోడ ఉన్న ఖాళీ జాగా ఉంది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో దానికి తాళం వేసి ఉంటుంది. రోజూ ఫజర్ తరువాత ఒక గంట, సాయంత్రం అసర్ తరువాత ఒక గంట ఆ తాళం తీయించండి. పొద్దుటి గంట ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు. సాయంత్రం గంట మగవాళ్ళకు. గోడ ఉంది గనుక అభ్యంతరం చెప్పేవారికి అభ్యంతరం ఉండదు. రోడ్డు మీదికి వస్తామనే పిల్లలు రోడ్డు మీదికి వస్తారు, వాళ్ళను ఆపమని నేననడం లేదు. కాని రాలేనివాళ్ళకు డాబా కంటె పెద్ద చోటు ఒకటి ఉండాలి. ఖర్చు ఏమంత లేదు. రెండు దీపాలు, ఒక మంచినీళ్ళ కుండ, తాళంచెవి పట్టుకుని నిలబడే ఒక మనిషి. ఆ మనిషిగా నేనుంటాను, పొద్దున మా ఇంట్లోవాళ్ళు ఉంటారు. ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు, పరదా అవతల ఇప్పుడే వింటూ ఉంటుంది.

నెలకు ఒక ఆదివారం అక్కడే షుగరు పరీక్ష పెడదాం. ముప్పై దాటినవాళ్ళు సిగ్గుపడకుండా వేలు చాపండి. స్కాలర్‌షిప్పులు ఇచ్చి పిల్లలను చదివిస్తున్నాం, సంతోషం. చదువుకున్న పిల్లలు ఉద్యోగాల్లో చేరేనాటికి వాళ్ళ తండ్రులు మసీదు దాకా నడవగలిగి ఉండాలి గదా.

వచ్చే డిసెంబరులో మేము మళ్ళీ విశాఖ వెళ్ళాలని అనుకుంటున్నాం. ఈసారి డాక్టరుగారిని అడిగాను. ముందు తినమన్నారు, మాత్ర మార్చారు. నా మలుపు అక్కడే, సముద్రం పక్కన, మిగిలి ఉంది. మీలో ఎవరైనా వస్తానంటే 5 కిలోమీటర్ల పరుగు కూడా ఉంది. దాన్ని నడిచి పూర్తి చేసినా ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి నేను అంబులెన్సు కిటికీలోంచి స్వయంగా చూసి వచ్చాను.